వారానికో థీమ్: హనుమకొండలోని ఒక ప్రీస్కూల్‌పై సమీక్ష

మా మనవరాలు గత జూన్ నుంచి హనుమకొండలో, నక్కలగుట్ట వైపున్న ఒక ప్రీస్కూల్‌లో ఎల్‌కేజీ చదువుతోంది. బడి పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలు ఎంత ఉందో ఫిర్యాదూ అంతే ఉంది కాబట్టి ఒక్కరినే వేలెత్తి చూపడం నాకు ఇష్టం లేదు. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుణ్ని. పాపను దింపి రావడం, మళ్లీ తీసుకురావడం నా పని కావడం వల్లా, పెద్దలు అడిగితే తరగతి గది వెనక కూర్చుని చూడనిచ్చే మంచి అలవాటు ఈ బడికి ఉండడం వల్లా, అక్కడ జరిగే థీమ్ యాక్టివిటీలను చాలావరకు దగ్గరి నుంచే చూశాను.

ఈ బడి తన ప్రత్యేకతగా చెప్పుకునేది థీమ్ పద్ధతినే. ఒక వారం కూరగాయలు అనుకుంటే ఆ వారం పాడే పాట, చెప్పే కథ, లెక్కపెట్టే వస్తువులు, వేసే బొమ్మ, ఆడే ఆట అన్నీ కూరగాయల చుట్టూనే తిరుగుతాయి. అక్షరాలకు ఒక పీరియడ్, అంకెలకు ఒక పీరియడ్ అని విడదీయకుండా, పిల్లలకు తెలిసిన ఒక విషయాన్ని పట్టుకుని దాని మీదుగానే మాట, లెక్క, చేతిపని నేర్పాలన్నది దీని ఉద్దేశం. గేటు పక్క బోర్డు మీద మాంటిస్సోరి అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది గానీ ఈ రెండూ ఒకటి కావు. 1907లో రోమ్‌లో తన తొలి శిశు పాఠశాలను తెరిచి, 1939లో మద్రాసుకు వచ్చి మన దేశంలో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మారియా మాంటిస్సోరి, పొడవు, బరువు, రంగు వంటి గుణాలను ఒక్కో ఉపకరణంలో ఒక్కొక్కటిగా అమర్చి, పిల్లవాడు తనకు తోచినంతసేపు తానే పట్టి చూసుకునేలా తరగతిని తీర్చారు. అన్నింటినీ ఒకే అంశం కిందికి తెచ్చే థీమ్ పద్ధతి, 1918లో అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ ప్రతిపాదించిన ప్రాజెక్టు పద్ధతికి దగ్గరి చుట్టం. మన ఊళ్లలో ప్రీస్కూల్ బోర్డుల మీద రాసేదానికీ లోపల చెప్పేదానికీ పొంతన కోసం వెతకడం దండగ. లోపల ఏం జరుగుతోందన్నదే చూడాలి.

లోపల జరిగినవాటిలో నాకు అన్నింటికంటే నచ్చింది ఆగస్టులో పెట్టిన కూరగాయల అంగడి. ముందురోజు ఒక్కొక్కరిని ఇంట్లో ఉన్న ఏదో ఒక కూరగాయ తెమ్మన్నారు. కొని తేవద్దని ప్రత్యేకంగా చెప్పి పంపారు. వంకాయలు, బెండకాయలు, ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు, ఒక బాబు తెచ్చిన అల్లం ముక్క, ఇంకో పాప తెచ్చిన కరివేపాకు రెమ్మ, అన్నీ చాప మీద కుప్ప పోశారు. మొదట రంగును బట్టి, తర్వాత ఆకారాన్ని బట్టి, ఆ తర్వాత భూమిలో పెరిగేవి, చెట్టుకు కాసేవి అని వేరు చేయించారు. ఈ మూడో విడత దగ్గరే పిల్లలు ఆగిపోయారు. ఎందుకంటే ఆలుగడ్డ మట్టిలో ఉంటుందని వాళ్లలో చాలామందికి తెలియదు. టీచరమ్మ వెంటనే జవాబు చెప్పేయలేదు. సరిగ్గా కడగని ఒక ఆలుగడ్డను చేతికిచ్చి, దాని గుంటల్లో ఏం అంటుకుని ఉందో గోరుతో గీకి చూడమంది.

తర్వాత తక్కెడ వచ్చింది. బొమ్మల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ తక్కెడ కాదు, ఎవరో కూరగాయలమ్మే అమ్మ దగ్గర అడిగి తెచ్చిన ఇనుప పళ్లాల తక్కెడ. ఒక పళ్లెంలో ఎండిన సొరకాయ బుర్ర పెట్టారు, ఇంకో పళ్లెంలో చిన్న ఆలుగడ్డలు రెండు వేశారు. బుర్ర పైకి లేచింది. పిల్లలంతా ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు. ఈ వయసు పిల్లలు కంటికి పెద్దగా కనిపించేదే బరువని నమ్ముతారు, మా మనవరాలైతే నిలబడి, "పెద్దగున్నది కద టీచర్, మరెట్ల లేస్తున్నది?" అని నిలదీసింది. టీచరమ్మ బుర్రను ఆమె చెవి దగ్గర ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. "అండ్ల ఏం లేదు, ఉత్తదే" అన్నాడు పక్కనున్న పిల్లవాడు. అంతే, ఆ రోజు ఇంకో పాఠం జరగలేదు. చెప్పులు, పలకలు, నీళ్ల సీసాలు, వాటర్ క్యాన్ మూత, చేతికి అందినదల్లా తక్కెడలోకి ఎక్కింది. టైమ్‌టేబుల్ ప్రకారం తర్వాత రైమ్స్ ఉన్నా టీచరమ్మ ఆపలేదు. ఆమెను నేను మెచ్చుకునేది ముఖ్యంగా అందుకే. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అచ్చులు వేయించడం వంటివి మర్నాడు చేయించారు, అవి ఎక్కడైనా చేయించేవే.

బతుకమ్మ థీమ్‌కు రెండు వారాలు ఇచ్చారు, అది తగిన నిర్ణయం. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలను పిల్లలే ఏరి గంపల్లో సర్దారు. నేల మీద చాక్‌పీస్‌తో ఒకదానిలో ఒకటి ఇమిడేలా వలయాలు గీసి, అన్నింటికంటే పెద్ద వలయం నుంచి మొదలుపెట్టి లోపలికి పేర్చుకుంటూ రమ్మన్నారు. వలయం చిన్నదవుతున్నకొద్దీ పట్టే పూలు తగ్గుతాయన్న సంగతిని ఎవరూ నోటితో చెప్పలేదు, పిల్లల చేతుల్లో మిగిలిపోయిన పూలే చెప్పాయి. ఒక వరుస పసుపు, ఒక వరుస తెలుపు, మళ్లీ పసుపు అని పెడుతుంటే తర్వాత ఏం రావాలో వాళ్లే అరిచి చెప్పారు. గణితంలో దీన్ని నమూనా గుర్తించడం అంటారు. మా కాలంలో రెండో తరగతి పుస్తకంలో చుక్కలూ త్రిభుజాలతో దీన్ని నేర్పడానికి నానా తంటాలు పడేవాళ్లం. ఇంకో మంచి పని, నాలుగు రకాల పూలనూ కిటికీ గట్టు మీద పెట్టి మర్నాడు, ఆ మర్నాడు చూడమనడం. తంగేడు వాడిపోయి రాలింది. గునుగు ఎండినా ఆకారం చెడలేదు. అలా చూసి వచ్చిన రోజు ఇంటికి రాగానే పాప వాళ్ల నానమ్మతో, "తంగేడు సచ్చిపోయింది, గునుగు మాత్రం అట్లనే కూసున్నది" అని చెప్పింది. మా ఆవిడ ఏళ్ల తరబడి బతుకమ్మ పేరుస్తోంది గానీ ఆ రెండింటి తేడాను ఇంత సూటిగా నేను ఆమె నోటా వినలేదు.

ఇక ఫిర్యాదుల సంగతి. అన్నింటిలోకీ పెద్దది థీమ్ మార్చే వేగం. బతుకమ్మను మినహాయిస్తే ప్రతి సోమవారం కొత్త థీమ్ మొదలు కావాలి, శుక్రవారానికి ముగియాలి. మొక్కల వారంలో బుధవారం నాడు పిల్లల చేత పేపర్ గ్లాసుల్లో మట్టి నింపించి పెసలు, మెంతులు వేయించారు. గురు, శుక్రవారాలు మట్టి తప్ప ఏమీ కనిపించలేదు, అది సహజమే. సోమవారం నాటికి ఆకుపచ్చటి మొలకలు తల వంచుకుని మట్టిని నెట్టుకొని పైకి వచ్చాయి. కానీ సోమవారం థీమ్ రవాణా సాధనాలు. గోడ మీది చెట్టు చార్టు తీసేసి విమానం చార్టు అంటించారు. గ్లాసులను నడవాలోని గట్టు మీదికి మార్చారు. విత్తు మొలకై, మొలక ఆకై, ఆ ఆకు కిటికీ వెలుగు వైపు తిరగడం పిల్లలు రోజూ చూడాల్సింది అప్పుడే. వాటికి నీళ్లు పోసింది ఆయమ్మ ఒక్కతే. పాపలు ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె చీర పట్టుకుని గ్లాసుల దగ్గరికి లాక్కెళ్లడం నేను చూశాను. గింజ మొలవడానికి పట్టే సమయాన్ని క్యాలెండర్ ఒప్పుకోనప్పుడు అది మొక్కల పాఠం ఎలా అవుతుందని ప్రిన్సిపాల్‌ను అడిగాను. థీమ్‌లన్నీ ఏడాది మొదట్లోనే బయటి సంస్థ పంపే కిట్‌తో పాటు వస్తాయని, వర్క్‌షీట్లు వారాల లెక్కన కుట్టి ఉంటాయని ఆమె చెప్పారు. టీచర్ల తప్పు ఇందులో తక్కువ. పుస్తకం కుట్టినవాడు హనుమకొండలో పెసలు ఎన్నాళ్లకు మొలుస్తాయో చూసి కుట్టలేదు.

ఆ కిట్ వల్లే ఇంకో విడ్డూరం జరిగింది. డిసెంబరులో చలికాలం థీమ్ వచ్చింది. చార్టు మీద మంచు కొండలు, ఉన్ని టోపీలు, క్యారెట్ ముక్కున్న మంచు మనిషి. ఆ మంచు మనిషిని చేయడానికి పిల్లలకు మెడికల్ షాపు నుంచి తెచ్చిన దూది చుట్టలు ఇచ్చారు. అదే సమయానికి ఊరికి ఆ కొసన ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు బారులు తీరి ఉంటాయి. చుట్టూ ఉన్న పల్లెల్లో పత్తి ఏరుతుంటారు. ఒక్క పత్తికాయ తరగతిలోకి తెచ్చి, పిల్లల వేళ్లతో గింజను తీయించి, అది ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందో చూపిస్తే, వేలికొసల కండరాలకు దానికి మించిన సాధన ఉండదు. చలికాలం అంటే మన దగ్గర ఏమిటో కూడా తెలిసేది. పొద్దున పొగమంచు, చలిమంట, రేగుపళ్లు, అనపకాయలు, ఇంత సంపద పక్కన పెట్టి ఎన్నడూ చూడని మంచు మనిషిని చేయించడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. పక్షుల వారంలోనూ ఇదే తంతు. పెంగ్విన్, ఆస్ట్రిచ్, మకావ్ ఉన్నాయి. 2014లో మన రాష్ట్ర పక్షిగా ప్రకటించిన పాలపిట్ట లేదు, దసరా రోజున దాన్ని చూడడం కోసం ఊరంతా పొలిమేర దాటి వెళ్తుంది. హంటర్ రోడ్డులోని జూపార్కుకు తీసుకెళ్తామని సర్క్యులర్ పంపి, వ్యాన్ కుదరలేదని మానేశారు.

ఇక రంగుల రోజులు. రాత్రి ఎనిమిది దాటాక వాట్సాప్ గ్రూపులో సందేశం వస్తుంది: రేపు ఎల్లో డే, పసుపు బట్టలు, పసుపు రంగు స్నాక్, పసుపు వస్తువు ఒకటి. ఇంట్లో లేకపోతే చౌరస్తాకు పరుగెత్తాలి. మర్నాడు తరగతిలో జరిగేదల్లా అందరినీ ఒక గుంపుగా నిలబెట్టి ఫోటో తీయడమే. రంగు నేర్పడానికి అంగడి రోజు చాప మీద పరిచిన కూరగాయలే ఎక్కువ పని చేశాయని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ పసుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఉన్న నిమ్మకాయ ఏ కుప్పలోకి పోవాలని పిల్లలు వాదులాడుకున్నారు. అందరూ ఒకే పసుపు వేసుకొచ్చిన చోట వాదులాడుకోవడానికి ఏముంటుంది? ఫోటోల గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. నీళ్ల థీమ్ నాడు ఒక పిల్లవాడు గరాటు పెట్టి సీసాలో నీళ్లు పోస్తూ, గరాటు అంచు నుంచి నీళ్లు ఎందుకు పొంగుతున్నాయో వంగి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే "ఇటు చూడు నాన్నా" అని పిలిచి ఫోన్ పైకెత్తారు. వాడు నవ్వాడు. గరాటు పడిపోయింది. ఈ ఫోటోలు మాకే, తల్లిదండ్రులకూ తాతలకూ, పంపడానికే కాబట్టి సగం నింద మా మీదే వేసుకోవాలి. గ్రూపులో ఫోటో రాని రోజున "ఈ రోజు ఏ యాక్టివిటీ లేదా?" అని అడిగేది మనమే.

మనకు సాయపడేవాళ్లు అనే థీమ్ సగం బాగుంది, సగం లేదు. ఫ్యాన్సీ డ్రెస్ నాడు ఆరుగురు డాక్టర్లు, నలుగురు పోలీసులు, ఒక పైలట్ వచ్చారు. చెత్త బండి నడిపేవారు, కరెంటు లైన్‌మన్, రైతు ఒక్కరూ లేరు. కానీ ఆ వారమే కాజీపేట రైల్వేలో గార్డుగా పనిచేసే ఒక పిల్లవాడి తండ్రి, ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, తన ఎర్రజెండా, పచ్చజెండా, విజిల్ తీసుకుని బడికి వచ్చారు. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరండా పొడవునా రైలు కట్టారు. ఆయన పచ్చజెండా ఊపేదాకా ఇంజన్ కదలకూడదు. ఎర్రజెండా చూపితే చివరి పెట్టె దాకా ఆగాలి. చివరి పెట్టెగా ఉన్న మా పాప ముందువాళ్లు ఆగిన సంగతి ఆలస్యంగా తెలిసి వాళ్లకు ఢీకొట్టి కింద పడింది. ఆయన నవ్వి, నిజం రైలు కూడా ఒక్కసారిగా ఆగదని, అందుకే సిగ్నల్ చాలా ముందే ఉంటుందని చెప్పారు. బడి వ్యాన్ డ్రైవర్ కూడా ఒకరోజు టైరులో గాలి ఎలా చూస్తారో, అద్దంలో వెనకవాళ్లు ఎందుకు కనిపిస్తారో పిల్లలకు చూపించాడు. ఈ రెంటికీ బడికి పైసా ఖర్చు కాలేదు.

భాష విషయంలో నాకు అసంతృప్తి ఎక్కువే. చార్టులూ వర్క్‌షీట్లూ అన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. 2022లో విడుదలైన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే పునాది దశగా తీసుకుని, ఈ వయసులో వీలైనంత వరకు ఇంటి భాషలోనే నేర్పాలని చెప్పింది. తెలుగును తప్పనిసరి చేసిన మన 2018 చట్టం ఒకటో తరగతి నుంచే వర్తిస్తుంది కాబట్టి ప్రీస్కూళ్లను అడిగేవారు లేరు. ఇంగ్లిషు రావద్దని నేను అనడం లేదు, ఇంట్లో మా అబ్బాయి, కోడలు ఇద్దరికీ అదే కావాలి. కానీ తక్కెడ రోజున అంత చర్చ ఎందుకు సాగిందంటే టీచరమ్మ ఆ గంటసేపు తెలుగులోకి వచ్చేసింది. రవాణా సాధనాల వారంలో అదే పిల్లలను వెహికిల్స్ గురించి ఇంగ్లిషులో అడిగితే బస్, కార్, ఆటో అన్న మాటలు తప్ప వాక్యం రాలేదు. ఎందుకు, ఎట్లా అన్న ప్రశ్నలు పిల్లలు వేయాలంటే వాళ్ల నోట ఆడే భాష కావాలి. పేర్లు నేర్పడానికి మాత్రం ఏ భాషైనా సరిపోతుంది.

మిగతా విషయాలు క్లుప్తంగా. 2013 నాటి జాతీయ శిశు విద్యా విధానం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఇరవై మందికి ఒక పెద్ద మనిషి, ముప్పై మందికి కనీసం 35 చదరపు మీటర్ల గది, ఆడుకోవడానికి బయట 30 చదరపు మీటర్ల స్థలం ఉండాలంది. ఇక్కడ తరగతిలో 24 మంది, ఒక టీచరు, ఒక ఆయమ్మ ఉన్నారు, గది విశాలమే. ఆటస్థలం పేరిట ఉన్నది మాత్రం కార్ షెడ్డులో పరిచిన కృత్రిమ గడ్డి. ఇసుక గుంట లేదు, ఎందుకంటే బట్టలు పాడవుతున్నాయని తల్లులు ఫిర్యాదు చేశారట. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, పిల్లల ఎత్తుకు తగ్గట్టు ఉన్నాయి. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా బడి. ఈ వయసుకు అంతకు మించి అక్కరలేదు. ఫీజు ఏడాదికి 40 వేల రూపాయలకు అటూ ఇటూ, యాక్టివిటీ ఫీజు 4 వేలు విడిగా. ఆ నాలుగు వేలు కిట్‌కూ వర్క్‌షీట్లకూ పోతున్నాయి; నేను మెచ్చుకున్న తక్కెడ, బతుకమ్మ పూలు, పచ్చజెండా వీటిలో ఒక్కటీ ఆ కిట్‌లో లేదు. మా వీధి చివర అంగన్‌వాడీ టీచరు చింతగింజలు, సీసా మూతలు, పాత క్యాలెండర్ బొమ్మలతో ఇదే థీమ్ పద్ధతిని నడపడం కూడా నేను చూశాను. ఆమెకు గుడ్ల లెక్కలు, బరువుల నమోదు పోగా మిగిలే సమయం తక్కువ, అంతే తేడా.

వచ్చే జూన్‌లో యూకేజీకి కూడా పాపను ఇక్కడికే పంపాలని నిర్ణయించుకున్నాం. కారణం ఆ టీచరమ్మ, ఆమె యూకేజీకి మారుతోందని చెప్పారు. మొక్కల థీమ్‌ను వర్షాకాలంలో మూడు వారాలు నడపడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు, రంగుల రోజుల సంగతి మాత్రం తల్లిదండ్రుల సమావేశంలో తేల్చుకోమన్నారు. ఇటువంటి బడిలో పిల్లలను చేర్చదలచినవారు వార్షికోత్సవం నాడో, అడ్మిషన్ల మేళా నాడో వెళ్లకుండా, మామూలు మంగళవారమో బుధవారమో పదిన్నర ప్రాంతంలో వెళ్లి కాసేపు తరగతిలో కూర్చోనిమ్మని అడగండి. కాదంటే అక్కడితో ఆగవచ్చు. కూర్చోనిస్తే గోడల మీది చార్టుల వైపు చూడకుండా పిల్లల చేతుల్లో ఏమున్నదో, మాట్లాడుతున్నది టీచరో పిల్లలో గమనించండి, నడవాలో పోయిన వారపు గ్లాసులు ఏమైనా మిగిలి ఉన్నాయేమో చూడండి. ఫీజును మూడు వాయిదాల్లో కట్టవచ్చు. యాక్టివిటీ ఫీజును మాత్రం మొదటి వాయిదాతోనే అడుగుతారు, దేనికి ఖర్చు పెడతారో రాసిమ్మంటే ఇస్తారు.